వైద్యమునకు మూడవ పాదము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



వైద్యమునకు నాలుగు పాదములని చరకసంహిత చెప్పుచున్నది: వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి. ఉపస్థాత యనగా రోగి చెంతనుండి పరిచర్య చేయు వ్యక్తి. ఉపచారము తెలిసియుండుట, దక్షత, రోగియందు అనురాగము, శుచిత్వము ఆ వ్యక్తికి ఉండవలసిన గుణములు. నాలుగు కోళ్లలో ఒకటి పొట్టిదైన మంచముపై ఎవరికిని నిద్రపట్టదు. ఆనాటి ఉపస్థాతయే నేటి నర్సు. ఆరోగ్యబీమా ఈ మూడవ పాదమును ఎట్లు చూచుచున్నదో విచారింపవలసియున్నది.

ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలై, ఆ డిసెంబరులో నల్లగొండ జిల్లాకు వచ్చెను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడును అప్పుడు ఆ జిల్లాలోనివే. 2016లో సూర్యాపేట వేఱు జిల్లా కాగా కోదాడ అందులో చేరినది. అంతకుముందు గుండెకు శస్త్రచికిత్స యనిన పేదరైతు పొలము తాకట్టు పెట్టవలసివచ్చెడిది. తెల్లకార్డు గల కుటుంబమునకు ఏటికి లక్షన్నర, అవసరమైనచో మఱి 50 వేల రూపాయల వరకు చికిత్స నాడు లభించెను. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో ఈ పరిమితి 10 లక్షలైనది. 2024లో 163 చికిత్సలు చేర్చగా మొత్తము 1,835 అయినవి. ఈ మేలును మఱచుట కృతఘ్నత.

అయినను లెక్క విప్పి చూడవలెను. ప్రతి చికిత్సకును ఒకే మొత్తముగా వెల కట్టబడినది. దానిని ప్యాకేజీ యందురు. మంచము, మందులు, పరీక్షలు, శస్త్రవైద్యుని రుసుము, రోగి భోజనము అందులోనివే. నర్సు పరిచర్యయు అందులోనిదే. కాని దానికింత యని వేఱు పద్దు లేదు. ఖర్చు తగ్గింపదలచిన యజమాని కుట్టు వేయు దారమును తగ్గింపజాలడు. రాత్రి వార్డులో ముగ్గురు నర్సులకు బదులు ఒక్కరిని ఉంచిన అడుగువారు లేరు.

సాధారణ వార్డులలో బోధనాసుపత్రియందు ముగ్గురు రోగులకు, ఇతర ఆసుపత్రులయందు ఐదుగురికి ఒక నర్సు ఉండవలెనని భారత నర్సింగు మండలి ప్రమాణము. 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఆదేశింపగా ఏర్పడిన సంఘము, 50 పడకలకు లోబడిన ప్రైవేటు ఆసుపత్రిలో సైతము నర్సు జీతము నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసినది. సిఫారసు శాసనము కాదు. ఆ నర్సు పరాయిది కాదు; ఏ హుజూర్‌నగర్ నుండియో, ఏ తిరుమలగిరి నుండియో వచ్చిన రైతుబిడ్డయే.

బీమా సొమ్ము రావలెనన్న కాగితములు సరిగా నుండవలెను. జ్వరము, రక్తపుపోటు, ఇచ్చిన మందు, ఇచ్చిన వేళ అన్నియు వ్రాయవలెను. వ్రాత మంచిదే, కాని ఇరువదిమందికి ఒక్కతెయే వ్రాయుచుండగా, దాహమని పిలిచిన ముసలివాని మాట ఎవరు విందురు? ఇదియును గాక, 2025 సెప్టెంబరులో బకాయిలు చెల్లలేదని ప్రైవేటు ఆసుపత్రులు కొన్నిదినములు ఆరోగ్యశ్రీ సేవలు నిలిపినవి. సర్కారునకును యజమానులకును నడుమ లెక్క తేలకున్న కష్టము కార్డు పట్టుకొని వచ్చిన రోగిది. అతనికి ముఖాముఖి సమాధానము చెప్పవలసినది వార్డులోని నర్సు.

ప్రభుత్వము చేసిన మేలును చెప్పవలెను. 2019లో సూర్యాపేటయందు ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. 2024 జనవరి 31న హైదరాబాదులో 6,956 మంది నర్సులకు నియామకపత్రము లిచ్చిరి. ప్యాకేజీయందు పరిచర్యకు వేఱు పద్దు ఏర్పఱచి, నర్సుల సంఖ్యను చూచిన పిదపనే సొమ్ము చెల్లించినచో ఆ మేలు ప్రైవేటు వార్డులకును అందును.

గ్రామస్థులు చేయదగినదియు కలదు. ఆసుపత్రిలో చేరగానే ఆరోగ్యమిత్రను కలియుడు. కార్డుండగా సొమ్మడిగినచో 104కు ఫోను చేయుడు. వార్డులో రాత్రి ఎందఱు నర్సులుందురో అడుగుడు. చదువురాని వారికి ఆ కాగితములు చదివి చెప్పుటకు ఈ గ్రంథాలయమున వారమునకొక సాయంకాలము కేటాయించిన, రజతోత్సవమునకు అంతకన్న తగిన పని లేదు.