కమాండ్ల జాబితా ప్రోగ్రాములోనే ఉంది



"ఎక్సెల్ మాక్రోలు నేర్పుతామని వేలల్లో ఫీజు అడుగుతున్నారు, కట్టమంటారా?" అని కొందరు తల్లిదండ్రులు నన్ను అడిగారు. కట్టే ముందు ఒక సంగతి వినండి. ఎక్సెల్ ఏయే కమాండ్లకు పలుకుతుందో ఆ జాబితా ఎక్సెల్‌లోనే ఉంది. దానికి ఎవరికీ పైసా ఇవ్వక్కరలేదు.

విండోస్ కంప్యూటరులో ఎక్సెల్ తెరిచి ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కండి. విజువల్ బేసిక్ ఎడిటర్ వస్తుంది. అక్కడ ఎఫ్2 నొక్కితే ఆబ్జెక్ట్ బ్రౌజర్. ఎడమవైపు వర్క్‌బుక్, వర్క్‌షీట్, రేంజ్ వంటి పేర్లుంటాయి. రేంజ్ అంటే కొన్ని గళ్లు. దాన్ని ఎంచుకుంటే, ఆ గళ్లతో చేయించగల పనులన్నీ కుడివైపు కనిపిస్తాయి. ఒక పేరు మీద నొక్కితే, ఆ కమాండుకు ఏ వివరాలు అందించాలో అడుగున ఉంటుంది. చదరపు బ్రాకెట్లలో ఉన్నవి ఇవ్వకపోయినా ఫరవాలేదు.

నేను హోసూరులో లెక్కలు రాసే పనిలో ఉన్నాను. ఖాతాదారుల పట్టికలో రెండుసార్లు పడిన పేర్లు ఏరడానికి నాకు ఒక పూట పట్టేది. రేంజ్ కింద రిమూవ్‌డూప్లికేట్స్ అన్న పేరు చూశాక అది క్షణాల పనైంది.

జాబితాలో పేరు దొరికినా వాడుక తెలియకపోతే మాక్రో రికార్డరు ఉంది. మీరు చేతితో చేసిన పనిని అది కమాండ్లుగా రాసిపెడుతుంది. అయితే "ప్రతి వరుసకూ ఇలాగే చెయ్యి" అనడం దానికి రాదు. అది మీరు నేర్చుకోవాలి. ఫీజు కడితే దానికోసం కట్టండి.

మ్యాక్ ఉన్నవారు స్క్రిప్ట్ ఎడిటర్‌లో ఫైల్ మెనూ కింద ఓపెన్ డిక్షనరీ చూడండి. పైథాన్ చదివే పిల్లలకు డిర్, హెల్ప్ అన్నవి చాలు.

మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో చదివి, కంప్యూటరు దగ్గర ఇంగ్లీషు చూసి జంకుతారు. ఆ పేర్లలో చాలావరకు సార్ట్, కాపీ, డిలీట్ లాంటి చిన్న మాటలే.

ఒక జాగ్రత్త: మాక్రో చేసిన మార్పును సాధారణంగా అన్‌డూతో వెనక్కి తేలేం. అసలు ఫైలు పక్కన పెట్టి, నకలు మీద ప్రయత్నించండి.

భోజనాల తర్వాత పక్క గదిలో కంప్యూటరు ఉంటుంది. పిల్లలు వచ్చి ఎఫ్2 తామే నొక్కి చూడవచ్చు.