గ్లూటెన్, పెద్దలలో వచ్చే స్వయంప్రతిరక్షక మధుమేహం

సాధారణంగా 30 ఏళ్లు దాటినవారిలో, శరీర రక్షణ వ్యవస్థే క్లోమంలోని ఇన్సులిన్ కణాలను మెల్లమెల్లగా నశింపజేయడం వల్ల వచ్చే మధుమేహాన్ని లాడా అంటారు. మొదట్లో అది మాత్రలకు లొంగే రెండో రకం మధుమేహంలా కనిపిస్తుంది కనుక, రక్తంలో గాడ్ (GAD) అనే ఎంజైమును ఎదిరించే ప్రతిరక్షకాలను వెతికితే తప్ప దాని స్వరూపం తేలదు. గోధుమలోని జిగురు మాంసకృత్తైన గ్లూటెన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధికీ, స్వయంప్రతిరక్షక మధుమేహానికీ డీక్యూ2, డీక్యూ8 అనే జన్యు రూపాలు ఉమ్మడి నేపథ్యం. అంతమాత్రాన గ్లూటెనే మధుమేహాన్ని పుట్టిస్తుందని రుజువు కాలేదు.

తమిళనాడులోని వేలూరును కూడా కలుపుకొని సాగి, 2016లో వెలువడిన అధ్యయనంలో ఆ జన్యు రూపాలు ఉత్తరాదిన, దక్షిణాదిన ఇంచుమించు సమానంగానే ఉన్నా, సీలియాక్ ప్రతిరక్షకాలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలో, దక్షిణాదిన 0.10 శాతం మందిలోనే కనిపించాయి. రోజువారీ గోధుమ వాడకం ఉత్తరాదిన సగటున 455 గ్రాములు, దక్షిణాదిన 25 గ్రాములు. మధుమేహమనగానే రాత్రి అన్నం మాని చపాతీకి మారే చెన్నై ఇళ్లలో ఈ తేడా గమనించదగినది.

సీలియాక్ అనుమానం ఉన్నవారు పరీక్షకు ముందే గోధుమ మానేస్తే ప్రతిరక్షకాలు తగ్గిపోయి ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. వ్యాధి నిర్ధారణ అయినవారికి ఇడ్లీ, రాగి సంకటి నిరపాయమే కాని, ఉప్మా రవ్వ గోధుమదే; సాంబారులో వేసే ఇంగువలో సైతం తరచు గోధుమపిండి కలుస్తుంది.