కొవ్వు కోసి తీసే ఆపరేషన్ కాదు



చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఈమధ్య ఏ దావత్‌కు వెళ్లినా ఎవరో ఒకరు మమ్మల్ని పక్కకు పిలిచి, "బరువు తగ్గే ఆపరేషన్ ఉందట గదా, చేయించుకోవచ్చునా?" అని గొంతు తగ్గించి అడుగుతున్నారు. అడిగేవారిలో ఆడవాళ్లే ఎక్కువ. షుగరుకూ మోకాళ్ల నొప్పికీ లేని సిగ్గు దీనికి ఎందుకో మాకు అర్థం కాదు. అందుకే అందరి ఎదుటా మాట్లాడదలచాం.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఈ ఆపరేషన్లో కొవ్వును ముట్టుకోరు. 2004లో అమెరికాలో 15 మంది స్థూలకాయ స్త్రీలకు పొట్ట చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేశారు. సగటున తొమ్మిది, పది కిలోలు పోయింది. మూడు నెలలలోపు మళ్లీ పరీక్షిస్తే ఇన్సులిన్ పనితీరు మారలేదు, రక్తపోటు మారలేదు, ఒంట్లోని వాపును చూపే లెక్కలూ మారలేదు. నడుము తగ్గింది, జబ్బు ఉన్నచోటే ఉంది.

బరువు ఆపరేషన్లో కోసేది జీర్ణాశయాన్ని. ఒక పద్ధతిలో ముప్పాతిక వంతుకు పైగా తీసేసి సన్నని గొట్టంలా మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. రెండవది బైపాస్. తిండి చిన్న పేగు మొదటి భాగాన్ని తప్పించుకుని కిందికి పోతుంది. అప్పుడు పేగు నుంచి జి.ఎల్.పి.-1 అనే హార్మోను బాగా వచ్చి ఇన్సులిన్‌ను లేపుతుంది. తిండి తగ్గడంతో కాలేయంలోని కొవ్వూ త్వరగా కరుగుతుంది. కాబట్టి బరువు ఇంకా దిగకముందే, కొన్ని రోజుల్లోనే, చాలామందికి షుగరు దిగుతుంది. 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన బరువు తగ్గే ఇంజెక్షన్లు ఈ జి.ఎల్.పి.-1 దారినే పట్టాయి.

ఇక వాపు సంగతి. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. కాలు వాచినట్టు పైకి కనిపించదు. కొవ్వు కణాలు మితిమీరి ఉబ్బితే రక్షక కణాలు అక్కడికి చేరి, గాయం ఉన్నట్టే రసాయనాలు వదులుతాయి. అవి ఇన్సులిన్‌ను పనిచేయనియ్యవు, రక్తనాళాలను పాడుచేస్తాయి. రక్తపరీక్షలో సి.ఆర్.పి. పెరిగి కనిపిస్తుంది. ఆపరేషన్ కాగానే గాయం వల్ల అది మరికొంత పెరుగుతుంది, భయపడవద్దు. బరువు తగ్గుతున్నకొద్దీ నెలల మీద దిగుతుంది. షుగరు తొందరగా, వాపు నిదానంగా.

అయితే షుగరు అందరికీ పూర్తిగా పోదు. అమెరికాలో 150 మంది షుగరు రోగులపై జరిగిన పరిశోధనలో అయిదేళ్లకు, అంటే 2017లో వచ్చిన ఫలితాల్లో, మూడు నెలల సగటు షుగరు 6 శాతానికి మించనివారు బైపాస్ వారిలో నూటికి 29, గొట్టం పద్ధతి వారిలో 23, మందులు మాత్రమే వాడినవారిలో 5. చాలా తేడాయే గాని, "షుగరు గ్యారంటీగా పోతుంది" అనే ప్రకటన మాత్రం అబద్ధం.

ఎవరికి చేస్తారు? బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించండి. 2022 నాటి అంతర్జాతీయ సూచనల ప్రకారం మన ఆసియా వాళ్లకు 27.5 దాటితే ఆలోచించవచ్చు. అయిదడుగుల రెండంగుళాల మనిషికి అది 68 కిలోలు. కాని ఇన్సూరెన్స్ వాళ్ల లెక్క వేరు. 2019 నిబంధనల ప్రకారం 40, లేదా అదుపులోకి రాని షుగరు వంటి తీవ్ర జబ్బు తోడైతే 35, అంటే ఆ మనిషికే దాదాపు 87 కిలోలు. ఈ నడిమి వాళ్లే పొలమో నగలో అమ్మాలని చూస్తారు. అమ్మేముందు మందులు, తిండి, నడక సరిగా చేసి చూశారా అని డాక్టరును అడగండి. హైదరాబాద్‌లో ఉస్మానియా ఆస్పత్రిలోనూ ఈ ఆపరేషన్ చేసిన సందర్భాలున్నాయి. ముందు అక్కడ విచారించండి.

చేయించుకున్నవాళ్లు బి-12, ఇనుము, కాల్షియం, డి విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దు. షుగరు మాత్రలు పాత లెక్కనే మింగితే షుగరు మరీ పడిపోవచ్చు, సొంతంగా మానినా ప్రమాదమే, డాక్టరే తగ్గించాలి. నీళ్లు గుక్కగుక్కగా రోజంతా తాగాల్సి ఉంటుంది గనుక రంజాన్ రోజాల సంగతి ఆపరేషన్ చేసిన డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. ఇంట్లోవాళ్లు "ఒక్క ముద్దే గదా" అని బలవంతపెట్టవద్దు. ఆ కడుపులో ఆ ముద్దకు నిజంగానే చోటుండదు.