ఉప్పు – ఒడలు

ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు పాఠములు చెప్పిన నేను నేడు మీతో ఉప్పును గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిని. షడ్రసములలో లవణ మొకటి యని మీరెఱుగుదురు. దాని రుచిని గాక, ఒడలిలో నది చేయు పనిని దెలుపుటయే నా యుద్దేశము.

ఉప్పు ఖనిజము. సింధునదీ ప్రాంతపు కొండలలో రాయిగా దొరకునది సైంధవము. మన నౌపడా, చినగంజాము తీరములందు సముద్రజలమును మళ్లకు బెట్టి, యెండకు ఇగిర్చి తీయుదురు. రెండింటియందును ప్రధానముగా నుండునది సోడియము, క్లోరిన్ అను మూలద్రవ్యముల కలయికయే.

రక్తమునందును, జీవకణముల వెలుపలి నీటియందును ఉప్పు గలదు. నరములు పనిచేయుటకును, కండరములు కదలుటకును సోడియము కావలయును. అంతకంటె ముఖ్యమైనది యొకటి కలదు: ఉప్పు నీటిని తనకడకు లాగుకొనును. మామిడిముక్కలపై ఉప్పు చల్లిన నీరూరుట మన యిండ్లలో నందఱు నెఱిగినదే. ఉప్పువలన గలుగు మేలునకును, కీడునకును ఈ గుణమే మూలము.

నా బాల్యమున మా చెల్లెలికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. నీరిచ్చిన నింకను హెచ్చునని పెద్దలు చుక్కనీరైన నీయలేదు. పిల్ల నీళ్లు నీళ్లని యడుగుచునే యుండెను. మఱునాటి కామె లేదు. వారికి ప్రేమ కొఱతపడలేదు, తెలివిడి కొఱతపడినది. ఒడలినుండి నీరును, దానిని నిలుపు ఉప్పును గూడ పోవుచుండగా, మేము రెండింటిని ఆపితిమి.

ప్రేగులు ఉప్పును, చక్కెరను జతగా బీల్చుకొనును. వానివెంట నీరు లోనికి బోవును. 1971వ సంవత్సరమున వంగరాష్ట్రమందలి బన్‌గావ్ శరణార్థి శిబిరమున కలరా ప్రబలగా, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఇట్టి నీటినే త్రాగించెను. నూటికి 30 వఱకు నున్న మరణములు 4 లోపునకు దిగినవి.

ఆరోగ్యకేంద్రమున నిచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లము మేలు. అది లేనప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, రెండును తలగొట్టి కొలిచి, కలుపవలయును. ఉప్పు హెచ్చరాదు. గ్రుక్కగ్రుక్కగా త్రాగింపుడు. పిల్ల సోలిపోయినను, త్రాగలేకున్నను వెంటనే ఆసుపత్రికి గొనిపొండు.

ఇక కీడు. మితిమీరిన ఉప్పు రక్తమున నీటిని నిలిపి పోటును హెచ్చించును. పెద్దలకు దినమునకు 5 గ్రాములు, అనగా ఇంచుమించు చిన్నచెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఊరగాయ, అప్పడము, పులుసు, అన్నియు నీ లెక్కలోనివే. నాకును పోటు గలదు. వైద్యుని మాటపై విస్తట ఉప్పు వడ్డించుకొనుట మానితిని. ఆవకాయ మాత్రము పూర్తిగా మానలేకున్నాను, తగ్గించితిని.

ఆర్యులారా! ఇంటిలో మీ మాట చెల్లును. విరేచనములతో నున్న బిడ్డకు నీరు వలదను మాట మీ నోట రాకుండుగాక.