కాగితము తగ్గిన పరీక్ష - గ్రామము చేయవలసిన పని

(జూబిలీహిల్సునకు విజ్ఞానయాత్రకై వచ్చిన గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా!

ఈ ఉదయము మీరందరు ఫిలింనగరును చూచి వచ్చితిరి. ఇదివరలో రెండున్నర గంటల చిత్రమునకు, నిమిషమునకు 90 అడుగుల చొప్పున, 13,500 అడుగుల ఫిలిము కావలసెడిది. నూరు సినిమాహాళ్లలో ఒకేసారి ఆడవలెనన్న నూరు ప్రతులు తీయవలెను. ప్రతి ప్రతికిని వెండి లవణములు, రసాయనములు, కడుగుటకు నీరు ఖర్చగుచుండెను. నేడు అదే చిత్రము డిజిటల్ రూపమున హాళ్లకు చేరుచున్నది. కథ మారలేదు, దానిని మోయు సాధనము మారినది.

పరీక్షల సంగతియు ఇట్టిదే. ఈ జూబిలీహిల్సులోనే డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు. 1982లో నెలకొల్పబడిన ఈ సంస్థ, దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము. ఇట్టి సంస్థల వలన చదువు విస్తరించినకొలది పరీక్షలును పెరుగును. ఒక చిన్న లెక్క వేసి చూతము. మామూలు కాగితము ఒక్కొక్క ఆకు 5 గ్రాములు తూగును. 16 ఆకుల జవాబు పుస్తకము 80 గ్రాములు. లక్షమంది ఒక్క పరీక్ష వ్రాసిన 8 టన్నుల కాగితము!

మన జామాయిలు, సుబాబుల్ కర్ర కాగితపు మిల్లులకు పోవుట మీరెరిగినదే. ఆ కర్రను గుజ్జు చేయుటకు నీరు, ఆవిరి, రసాయనములు కావలెను. రైతునకు కర్ర ధర రావలసినదే. బడిపిల్లలకు పుస్తకములు ఉండవలసినవే. ఒక్కసారి వ్రాసి కట్టలు కట్టి మూలపడవేయు కాగితమును తగ్గించుటయే ఇచ్చట ఉద్దేశము. ఆంధ్రప్రదేశ్‌లో 2017లోను, తెలంగాణలో 2018లోను నాటి ఎంసెట్ పరీక్ష కంప్యూటరుపైకి మారినది.

అయితే, ఒక బాలిక మాతో చెప్పిన మాటను మేము మరువలేదు. ఆమె తండ్రితో కలిసి అద్దె జీపులో 90 కిలోమీటర్లు పోయి పరీక్ష వ్రాసినది. "లెక్కలన్నీ వచ్చునండి, మౌసు చేతికి అలవాటగుటకే పావుగంట పట్టినది" అన్నది. ఆమె మిగిల్చిన కాగితము గ్రాములలో. ఆ జీపు త్రాగిన డీజిలు లీటర్లలో. త్రాసు ఎటు మొగ్గునో మీరే చెప్పుడు. కంప్యూటరు వచ్చినంత మాత్రమున పర్యావరణమునకు మేలు జరుగదు; కేంద్రము దగ్గరగా ఉన్ననే జరుగును.

కనుక పంచాయతీలు మూడు పనులు చేయవచ్చును. మొదటిది: బడిలోనో గ్రంథాలయములోనో ఉన్న కంప్యూటరును సెలవు దినములందు తెరిపించి, పిల్లలచే నమూనా పరీక్షలు వ్రాయించుడు. రెండవది: పరీక్షా కేంద్రము సమీప పట్టణముననే ఉండవలెనని తీర్మానించి పై అధికారులకు పంపుడు, అంతవరకు పిల్లలందరిని ఒకే బస్సులో పంపుడు. మూడవది: పాడైన కంప్యూటర్లను పాత సామానుల వారికి అమ్మకుడు. తీగలను కాల్చిన విషపు పొగ వచ్చును. లోపలి సీసము నేలను, నీటిని చెరచును. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఇ-వ్యర్థముల నియమముల క్రింద నమోదైన సంస్థలకే వానిని అప్పగింపుడు.

వచ్చు సంవత్సరము మీ యూరి బాలిక పరీక్షకు కూర్చున్ననాడు, ఆ పావుగంట ఆమెకు మిగులవలెను. అది మీ తీర్మానముతోనే సాధ్యము.