రిజిస్టరులో పేరున్న ప్రతి ఒక్కరికీ స్వాగతం

(స్వర్ణోత్సవ దసరా సమ్మేళనం ప్రారంభ సభలో పూర్వ విద్యార్థుల సంఘం సంయుక్త కార్యదర్శి చేసిన స్వాగత ప్రసంగ పాఠం)

ఈ బడిలో చదవకపోయినా చదివిన వాళ్ల వెంట వచ్చిన వదినలకు, బావలకు, కోడళ్లకు, అల్లుళ్లకు, పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారం. మీరు ఈ రెండు రోజులూ చుట్టాల్లాగా పక్కన కూర్చోవద్దు. రేపటి కబడ్డీకి, ఖోఖోకి మీ పేర్లు కూడా రాసుకుంటున్నాం.

సమ్మేళనం ఎండాకాలంలో పెట్టొచ్చు కదా, సంక్రాంతికి పెట్టొచ్చు కదా అని చాలామంది అడిగారు. బతుకమ్మ రోజులే కావాలని కమిటీలో పట్టుబట్టిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. కారణం మీకందరికీ తెలిసిందే. ఉద్యోగానికి పోయిన కొడుకు ఏ పండుగకైనా ఊరికి వస్తాడు. పెళ్లై పోయిన బిడ్డ తల్లిగారింటికి వచ్చేది మాత్రం ఎక్కువగా ఈ తొమ్మిది రోజుల్లోనే. తంగేడు, గునుగు పూసే కాలం మన ఆడబిడ్డలు ఊళ్లో ఉండే కాలం. అందులోనూ ఇవాళ ఆరో రోజు, అలిగిన బతుకమ్మ. ఇవాళ బతుకమ్మను పేర్చరు కాబట్టి ఆడవాళ్లకు చేతులు కాస్త ఖాళీగా ఉంటాయి. అలిగిన ఆడబిడ్డలను పిలిచి కూర్చోబెట్టడానికి ఇంతకన్నా మంచి రోజు ఏముంటుంది?

అలిగిన వాళ్లు ఎవరు, ఎందుకు అలిగారు అనేదే ఇవాళ నేను చెప్పదలుచుకున్న సంగతి.

యాభై ఏళ్లుగా మన సంఘం దగ్గర ఒక సభ్యుల జాబితా ఉంది. దాన్ని తిరగేస్తే అన్నలు, తమ్ముళ్లే ఎక్కువ కనబడతారు. మగవాళ్ల పేరు, ఇంటిపేరు మారవు. ఊళ్లో ఇల్లు ఉంటుంది, పొలం ఉంటుంది, అడ్రసు దొరుకుతుంది. ఆడపిల్లకు పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. కొందరికి అత్తగారింట్లో అసలు పేరే మార్చారు. ఫోన్లోనో, ఫేస్‌బుక్‌లోనో పాత పేరుతో వెతికితే దొరకరు. అందుకని ఈసారి మేం పాత జాబితాను పక్కన పెట్టి, హెచ్‌ఎం గారి అనుమతితో బడి అడ్మిషన్ రిజిస్టర్లు ముందేసుకున్నాం.

ఆ రిజిస్టరులో వరుస నంబరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, చేరిన తరగతి, మానిన తరగతి, టీసీ ఇచ్చిన తేదీ ఉంటాయి. మేం ఒక్కో పేరు పట్టుకుని ఊళ్లోకి వెళ్లాం. "ఫలానా ఆయన బిడ్డను ఏ ఊరికిచ్చారు?" అని అడిగితే కిరాణా కొట్టు దగ్గర ఒకరు, గాజులమ్మే ఆమె ఒకరు, బీడీలు చుట్టే అమ్మలు ఇంకొకరు దారి చెప్పారు. ఫోనులో దొరికినామె మనామేనా కాదా అని అనుమానమొస్తే, "అక్కా, నీ కుడి మోచేతి మీద పుట్టుమచ్చ ఉందా?" అని అడిగాం. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత ఒకటే నవ్వు.

అయితే నవ్వు తర్వాత చాలామంది ఒకటే మాటన్నారు. "నేను పది పాసు కాలేదు కదమ్మా. మధ్యలోనే మాన్పించారు. నేను మీ సంఘంలోకి ఎట్లా వస్తాను?"

ఈ మాట విన్నాక నాకు రిజిస్టరులో చివరి గడులు వేరేగా కనబడ్డాయి. కొన్ని పేర్ల ఎదురుగా టీసీ తేదీ ఖాళీగా ఉంది. ఏడో తరగతిలోనో, తొమ్మిదిలోనో సెలవులకు ఇంటికి పోయిన పిల్ల మళ్లీ రాలేదు. టీసీ అడగడానికి కూడా ఎవరూ రాలేదు. కొందరికి పెళ్లి చేశారు. కొందరు తమ్ముళ్లను ఎత్తుకోవడానికి ఆగిపోయారు. కొందరు పత్తి ఏరడానికి పోయారు. ఆడపిల్ల పెళ్లి వయసు 18 ఏళ్లని చట్టం 1978లోనే చెప్పింది. చట్టం ఊరి దాకా నడిచి రావడానికి ఎన్నేళ్లు పట్టిందో ఇక్కడ కూర్చున్న అక్కలకు తెలుసు. ఏ కారణంతో పోయినా, టీసీ తీసుకోని పిల్ల పేరును బడి కొట్టేయలేదు. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఆస్తి విషయం ఒకసారి గుర్తు చేసుకుందాం. అప్పటి మన ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి, అంటే ఉపాధ్యాయ దినోత్సవం నాటి నుంచి, వర్తించింది. కానీ అప్పటికే పెళ్లైన ఆడపిల్లలకు ఆ వాటా దక్కలేదు. 2005లో కేంద్ర చట్టాన్ని సవరించాక గానీ పెళ్లైనా బిడ్డ బిడ్డే అనే మాట చట్టంలోకి రాలేదు. ఆస్తి పంచుకుంటే తరుగుతుంది, అయినా అక్కడ ఒప్పుకున్నాం. బడి జ్ఞాపకం ఎంతమంది పంచుకున్నా తరగదు. అక్కడ పెళ్లైందనో, పరీక్ష తప్పిందనో ఎవరినీ బయట నిలబెట్టాల్సిన పని లేదు.

అందుకే కమిటీ తీసుకున్న నిర్ణయాన్ని ఈ వేదిక మీద నుంచి చెబుతున్నాను. ఇక నుంచి సభ్యత్వానికి పదో తరగతి మెమో అడగం. అడ్మిషన్ నంబరు చాలు. ఒక్క ఏడాది చదివినా, ఒక్క నెల చదివినా ఈ రిజిస్టరులో పేరున్న వాళ్లు ఈ బడి పూర్వ విద్యార్థులే. సభ్యుల పుస్తకంలో ఆడవాళ్ల పేర్లు పుట్టింటి ఇంటిపేరుతోనూ, ఇప్పటి ఇంటిపేరుతోనూ రెండు విధాలా రాస్తాం. ఇంకో యాభై ఏళ్ల తర్వాత వెతికే వాళ్లకు మనం పడిన తిప్పలు ఉండకూడదు.

ఇక రెండు రోజుల కార్యక్రమం. పాత ఏడో తరగతి గదిలో ఒక బల్ల వేశాం. అక్కడ రిజిస్టరు నుంచి ఎత్తి రాసిన జాబితా ఉంటుంది. అందులో పేరు, తండ్రి పేరు, చేరిన సంవత్సరం, నంబరు మాత్రమే ఉన్నాయి. ఎవరు ఎందుకు మానేశారన్నది నలుగురిలో పెట్టే సంగతి కాదు. మీ పిల్లలను వెంట తీసుకెళ్లండి, మనుమలను తీసుకెళ్లండి. అమ్మ పేరు, అమ్మమ్మ పేరు వాళ్లను వేలు పెట్టి చూడనివ్వండి.

ఆ పక్క బల్ల మీద ఓపెన్ స్కూల్ వివరాలు ఉంటాయి. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పదో తరగతి రాయడానికి 14 ఏళ్లు నిండితే చాలు, పైన వయసు పరిమితి లేదు. రోజూ బడికి రానక్కర్లేదు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పాసు కానక్కర్లేదు. టీసీ కావాల్సిన వాళ్లకు బడి ఆఫీసు సాయం చేస్తుంది. మన టీచర్లు కొందరు, డిగ్రీ చదువుతున్న మన పిల్లలు కొందరు లెక్కలు, ఇంగ్లీషు చెప్పడానికి ముందుకొచ్చారు. ఎవరినీ బలవంతం చేయం. కాగితం చేతిలో పెడతాం, అంతే. తీసుకుని మడిచి రవికలో పెట్టుకున్నా సరే, పండుగయ్యాక తీసి చదువుకోండి.

రేపు పొద్దున ఆటలు. పదకొండింటికి ఒక్క గంట మాత్రం అక్కలను ఇవ్వమని అడుగుతున్నాను. సెలవుల్లో కూడా మనకోసం వచ్చిన తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలతో వాళ్లు కూర్చుంటారు. ఉపన్యాసాలేమీ వద్దు. చదువు ఆగిన రోజు ఏమైందో, ఆ రోజు ఇంట్లో ఎవరు ఒక మాట సాయం చేసి ఉంటే ఆగేది కాదో, అది చెప్పండి చాలు. ఆ పిల్లల్లో ఎవరికైనా రేపు అదే పరిస్థితి వస్తే, ఫోను చేసి పిలవడానికి ఒక అక్క ఉండాలి. గదులు కట్టిన దాతల పేర్లు గోడ మీద ఉన్నాయి, వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. ఈ పని గోడ మీదకు ఎక్కదు గానీ, గదంత అవసరమైనది.

రేపు ఏడో రోజు. సాయంత్రం మన గ్రౌండులోనే బతుకమ్మ ఆడతాం. పూలు ఎవరి పెరట్లోవి వాళ్లు తెచ్చుకోండి, తాంబాలాలు బడి ఇస్తుంది. అన్నలు, తమ్ముళ్లు ఆ కాసేపు పిల్లలను ఎత్తుకుని వంటల దగ్గర నిలబడితే మాకు పెద్ద సాయం. సద్దుల నాటికి ఎవరింటికి వాళ్లు చేరుకోవచ్చు.

భోజనాలు పన్నెండున్నరకు. అంతకుముందే ఏడో తరగతి గదికి వెళ్లి మీ నంబరు చూసుకుని రండి. దొరకకపోతే నన్ను అడగండి, ఇద్దరం కలిసి వెతుకుదాం.