పండ్ల మరకలు - వస్త్ర సంరక్షణ



హైదరాబాదు నాంపల్లిలో ఏటేటా జనవరి నెలలో నుమాయిష్ ప్రారంభమగును. 1938లో పబ్లిక్ గార్డెన్సులో మొదలైన ఈ ప్రదర్శన 1946 నుండి నేటి మైదానమున జరుగుచున్నది. దీనిని చూడవచ్చెడి గ్రామస్థులు పెక్కుమంది ఇక్కడనో, అబిడ్సు దుకాణములలోనో ఇంటిల్లిపాదికి బట్టలు కొని తీసికొనిపోవుదురు. సమీపముననే 1935లో కట్టబడిన మొజంజాహీ మార్కెట్టు కలదు. ఆ రాతి కట్టడము చిరకాలము నగరమునకు పండ్ల బజారుగా నుండెను. 1980 దశకమున టోకు వర్తకము గడ్డిఅన్నారమునకు తరలిపోయినను, పండ్ల రసముల దుకాణములకు, ఐస్‌క్రీము దుకాణములకు ఈ ప్రాంతమున నేటికిని కొదువ లేదు. కొన్న బట్టపై కొన్ననాడే దానిమ్మరసము చిందుట ఇక్కడ అరుదుగాదు.

ఇది స్వల్పవిషయమని తలపరాదు. ఒకే జత యూనిఫారము గల బడిపిల్లకు నేరేడు మరక పడినచో ఆ ఇంట మరొక జతకు ఖర్చు తప్పదు. పట్టుచీరపై మరక నిలిచినచో నింద రజకునిపై బడును; అతని కూలి కోతపడును. అట్టి తగవులు తుదకు మీ ముంగిటికే వచ్చును. కావున మరక సంగతి మీరెరుగుట మంచిది.

పండ్ల రసములో రంగు పదార్థమును, వగరు పదార్థమును ఉండును. ఈ వగరు వట్టి మురికి కాదు, అద్దకపు సరుకు. శ్రీకాళహస్తి, పెడన కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ రసము, పాలు కలిపిన నీట ముంచి ఆరబెట్టుదురు. పిదప ఇనుము, బెల్లము ఊరవేసిన ద్రవముతో గీసినచోట గుడ్డ నల్లబడును. కరక్కాయ వగరుతో ఇనుము కలియుటయే ఇందుకు కారణము. తుప్పుపట్టిన బకెట్టులో పండు మరకను నానవేసినచో జరుగునదియు ఇదే. అందుచేత ప్లాస్టికు బకెట్టుగాని, స్టీలు గిన్నెగాని వాడవలెను.

మరక పడినవెంటనే రుద్దరాదు. పొడిగుడ్డతో అద్ది, మరక వెనుకవైపునుండి చన్నీరు ధారగా పోయవలెను. తడి ఆరకమునుపే ఇట్లు చేసినచో చాలవరకు పోవును. ముందుగా సబ్బుబిళ్ళతో రుద్దుట పొరపాటు. సబ్బులోని క్షారగుణముచే నేరేడు ఎరుపు నీలముగా మారును. వగరు గోధుమవర్ణమున స్థిరపడును. చన్నీటి తరువాత నిమ్మరసము అద్ది, కొన్ని నిమిషములకు బాగుగా జాడించి, అటుపిమ్మట సబ్బు పెట్టవలెను.

తెల్లని నూలు ధోవతులు, దుప్పట్లు, బల్లగుడ్డలపై అప్పటికిని మరక మిగిలినచో, ఆ భాగమును గిన్నె మూతిపై బిగించి కట్టి, రెండడుగుల ఎత్తునుండి మరిగిన నీటిని జాగ్రత్తగా పోయవలెను. పిల్లలను దూరముగా నుంచవలెను. పండ్లతో పాలు కలిసిన మరకకు మాత్రము వేడినీరు మొదట తగదు. పాలు గడ్డకట్టి నూలులో ఇరుకుకొనును.

పోచంపల్లి, గద్వాల పట్టునకు మరిగిన నీరు పనికిరాదు. చన్నీటితో అద్ది, పలుచని కుంకుడురసముతో మృదువుగా ఉతికి, నీడన ఆరవేయవలెను. రంగుబట్టపై ఏది వాడబోయినను మొదట లోపలి అంచున ఒక చుక్క వేసి రంగు పోవునేమో చూడవలెను.

మరక పూర్తిగా పోయినదాక ఇస్త్రీ చేయరాదు. కంటికి కనబడని పండు చక్కెర వేడికి మాడి, గోధుమరంగు మచ్చగా తేలును. అరటిబొంద కర, జీడిమామిడి పండ్ల రసము మిక్కిలి మొండివి. తోటపనికి పాతబట్టలు కట్టుకొనుటయే వీనికి ఉత్తమోపాయము.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. పంచాయతి నిల్వలోని బ్లీచింగ్ పౌడరు త్రాగునీటి శుద్ధికి ఉద్దేశింపబడినది. మరకలకై ఇండ్లకు పంచిపెట్టరాదు. అది పట్టును, ఉన్నిని పాడుచేయును. రంగుబట్టను వెలవెల బోవజేయును. అంతకన్న ఘోరమేమన, దానితో నిమ్మరసముగాని, వినిగరుగాని, మరుగుదొడ్లు కడుగు ఆమ్లముగాని కలిసినచో క్లోరిను వాయువు పుట్టును. మూసిన గదిలో అది ఊపిరితిత్తులకు హాని చేయును. ప్రాణాపాయము సైతము కలుగవచ్చును. ఒక మందు పనిచేయలేదని రెండవదానిని దానిపైనే పోయు అలవాటును మాన్పించవలెను. పొరపాటున వాసన తగిలినవారిని వెంటనే ఆరుబయటికి తెచ్చి వైద్యునికి చూపవలెను.

సభ్యులు ఈ విషయములను మహిళాసంఘములలోను, బడులలోను, రజక సోదరుల సమక్షమునను చర్చింపగోరెదను. ఒక పాతగుడ్డ, ఒక నేరేడుపండు, ఒక నిమ్మకాయ ఉన్నచో చాలును. గ్రామచావడిలోనే దీనిని ప్రదర్శించి చూపవచ్చును. నిందకు ముందు నీళ్ళను, మందుకు ముందు విచారణను ప్రయోగించిన గ్రామమున బట్టయు నిలుచును, చెలిమియు నిలుచును.